పెంటపోగు వేరు, కంపోస్ట్ యార్డు వేరు

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి కంపోస్ట్ కొత్త విషయం కాదు. పశువుల పాక వెనుక పోగు వేయడం, దానిమీద పేడ, కసవు, పశువులు వదిలేసిన గడ్డి, పొయ్యిలోని బూడిద రోజూ చేరుతూ ఉండడం, దాళ్వా (రబీ వరి) కోతలు ముగిసి కాలువలు కట్టేసిన తరువాత దానిని తవ్వి బండ్లమీద చేలకు తోలడం తరతరాలుగా జరుగుతున్న పని. ఆ పోగు నాలుగైదు బండ్లకు సరిపడేంత ఉన్నంతకాలం దానిని ఎవరూ కనిపెట్టుకుని ఉండనక్కరలేదు. ఎండా, వానా, పురుగూ కలిసి ఏడాది తిరిగేసరికి దానిని ఎరువు చేస్తాయి. అదే సరుకును రోజుకు యాభై టన్నుల చొప్పున ఒకే ఆవరణలో పోయడం మొదలుపెడితే దాని స్వభావమే మారిపోతుంది. చిన్న పోగు తనంతట తానుగా సర్దుకునే వేడి, గాలి, తేమ అనే మూడు విషయాలనూ పెద్ద కుప్పలో మనిషే సర్దవలసి వస్తుంది. నేను కడియం నర్సరీలకూ లంక తోటలకూ ఎరువు సరఫరా చేసే ఒక యార్డులో నాణ్యత పరిశీలించే పనిలో ఉన్నాను. "పేడా గడ్డీ కుళ్లబెట్టడానికి ఇంత హంగామా ఎందుకండీ?" అని యార్డు చూడడానికి వచ్చినవారు తరచుగా అడుగుతుంటారు. అది న్యాయమైన ప్రశ్న. గేటు దగ్గర నిలబడి చెప్పే రెండు మాటల జవాబు దానికి చాలదు కనుక ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా వేడి సంగతి. కుప్పలో కనిపించే వేడి ఎండ వల్ల వచ్చినది కాదు. సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని తిని, అందులోని కర్బనాన్ని ప్రాణవాయువుతో కలిపి బొగ్గుపులుసు వాయువుగా వదిలేటప్పుడు పుట్టే వేడి అది. ఆ వేడి ఎంత పుడుతుందన్నది కుప్ప ఘనపరిమాణం మీద ఆధారపడితే, ఎంత బయటికి పోతుందన్నది కుప్ప పైతలం మీద ఆధారపడుతుంది. కుప్ప పెరిగేకొద్దీ ఘనపరిమాణం పెరిగినంత వేగంగా పైతలం పెరగదు కాబట్టి, ఇంటి పోగులో ఎప్పటికప్పుడు చల్లారిపోయే వేడి యార్డులోని కుప్పలో లోపలే నిలిచిపోయి, రెండు మూడు రోజుల్లోనే 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. 40 డిగ్రీలు దాటగానే మామూలు బాక్టీరియా వెనక్కి తగ్గి, వేడిలోనే బతికే జాతులు పని అందుకుంటాయి. ఈ వేడి మనకు కావలసినదే. ఊద, తుంగ వంటి కలుపు మొక్కల విత్తనాలు చాలావరకు చచ్చేదీ, పేడలోనూ కోళ్ల పెంటలోనూ ఉండే రోగకారక క్రిములూ ఈగల గుడ్లూ నశించేదీ ఈ దశలోనే. అయితే 70 డిగ్రీలకు చేరుకుంటే పనిచేస్తున్న జీవులే చనిపోవడం మొదలై, పైకి కుప్ప పొగలు కక్కుతున్నా లోపల పని కుంటుపడుతుంది. ఇంకా పైకి పోతే, పన్నెండు అడుగులకు మించి ఎత్తుగా పోసిన కుప్పల్లో సగం ఆరిన చోట్ల దానంతట అదే నిప్పు పుట్టే ప్రమాదం కూడా ఉంది. స్థలం కలిసివస్తుందని కుప్పను ఎత్తుగా పోయడం అందుకే మంచిది కాదు.

వేడి కంటే గాలి కష్టమైన విషయం. బయటి గాలిలో ప్రాణవాయువు 21 శాతం ఉంటుంది. కుప్పలోని ఖాళీలలో అది కనీసం 5 శాతమైనా, వీలైతే 10 శాతమైనా ఉండాలి. అంతకన్నా తగ్గితే గాలి అక్కరలేని జీవులు రాజ్యమేలుతాయి. అప్పుడు సేంద్రియ ఆమ్లాలు, హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన, మీథేన్ మొదలవుతాయి. తిరగేసే యంత్రం కుప్పలోకి గాలి నింపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ యంత్రం పోసిన గాలి చురుకుగా ఉన్న కుప్పలో కొన్ని గంటలకు మించి నిలవదు, సూక్ష్మజీవులు దానిని వెంటనే వాడేసుకుంటాయి. మిగిలిన రోజంతా కుప్పకు గాలి అందేది పొగగొట్టంలో లాగా: లోపల వేడెక్కిన గాలి పైనుంచి లేచిపోతుంటే, ఆ చోటికి చల్లని గాలి పక్కలనుంచి అడుగున లోపలికి లాగబడుతుంది. ఈ రాకపోకలకు కుప్పలో దారులుండాలి. తిరగేయడం వల్ల అసలు ప్రయోజనం ఆ దారులు మళ్లీ తెరుచుకోవడమే. అణిగిపోయినది గుల్లబారుతుంది, పైనున్న చల్లని పొర లోపలికి పోతుంది, అతివేడి ఆవిరిగా బయటికి పోతుంది.

ఈ కారణంగానే, నా ఉద్దేశంలో, యార్డులో అన్నిటికన్నా విలువైన పరికరం ఇరవై లీటర్ల బకెట్టు. కలిపిన సరుకును బకెట్టులో మూడోవంతు పోసి, ఒక అడుగు ఎత్తునుంచి పదిసార్లు నేలకు తట్టి, మళ్లీ మూడోవంతు పోసి తట్టి, అంచుదాకా నింపి తూకం వేస్తాము. లోపలి సరుకు 12, 13 కిలోలు దాటితే, అంటే ఘనమీటరుకు 600, 650 కిలోలు మించితే, ఆ మిశ్రమంలో గాలికి చోటు లేదన్నమాట. అప్పుడు యంత్రాన్ని ఎన్నిసార్లు తిప్పినా లాభం లేదు, ఇంకా గడ్డి కలపవలసిందే. తేమకు పిడికిలి చాలు. గుప్పెడు తీసుకుని గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపించాలి, ధారగా కారకూడదు, పిడికిలి విప్పాక ముద్ద వెంటనే పొడిగా రాలిపోకూడదు. ఆ స్థితిలో తేమ ఇంచుమించు 50 నుంచి 60 శాతం ఉంటుంది.

ఇక పాళ్ల సంగతి. సూక్ష్మజీవులకు కర్బనం శక్తి కోసం, నత్రజని శరీర నిర్మాణం కోసం కావాలి. ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం ఉంటే పని సాఫీగా సాగుతుంది. మన వరిగడ్డిలో ఈ నిష్పత్తి 80కి దగ్గరగా ఉంటుంది. అనపర్తి, తణుకు ప్రాంతాల గుడ్ల కోళ్ల ఫారాలనుంచి వచ్చే పెంటలో 10కి అటూ ఇటూ ఉంటుంది. ఒక్కొక్కటిగా పోస్తే మొదటిది నెలల తరబడి కదలకుండా ఉంటుంది, రెండోది కంపుకొట్టి నత్రజనినంతా అమ్మోనియాగా గాలిలో కలిపేస్తుంది. కోళ్ల దాణాలో గుడ్డు పెంకు కోసం సున్నం కలుపుతారు కాబట్టి ఆ పెంట క్షారగుణంతో ఉండి అమ్మోనియా మరింత తేలికగా ఎగిరిపోతుంది. ఎండు బరువులో లెక్క వేసుకుందాము. ఒక టన్ను ఎండు పెంటలో 300 కిలోల కర్బనం, 30 కిలోల నత్రజని. ఒక టన్ను ఎండు గడ్డిలో 400 కిలోల కర్బనం, 5 కిలోల నత్రజని ఉన్నాయనుకుంటే, నిష్పత్తి 30కి రావడానికి టన్ను పెంటకు రెండు టన్నుల నాలుగు వందల కిలోల గడ్డి కావాలి. కాగితం మీద చిన్న లెక్కే. కానీ గడ్డి ఎంత తేలికో, ఎంత చోటు ఆక్రమిస్తుందో తెలిసినవారికి ఈ అంకెలో ఉన్న బరువు అర్థమవుతుంది. యార్డు నడిచేది పెంట దొరికినందువల్ల కాదు, ఏడాది పొడవునా పొడిగడ్డి నిల్వ ఉన్నందువల్ల. సార్వా (ఖరీఫ్ వరి) గడ్డి నవంబరు, డిసెంబరుల్లోనూ, దాళ్వా గడ్డి వేసవి మొదట్లోనూ వస్తుంది. కోత యంత్రాలు వచ్చాక గడ్డి చేలో చెల్లాచెదురుగా పడిపోతోంది. దానిని కట్టలు కట్టించి తెచ్చుకునే ఖర్చుకు వెనుకాడి కొన్ని చోట్ల చేలోనే తగలబెడుతున్నారు. ఆ పొగ చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వానాకాలంలో యార్డులో లోటుగా కనిపించేది సరిగ్గా ఆ గడ్డే.

డెల్టాలో దొరికే ప్రతి పదార్థానికీ ఒక గుణం ఉంది. రావులపాలెం అరటి తోటల బోదెలు దాదాపు నీళ్లే; వాటిని నరికి, ఆరనిచ్చి, పొటాష్ కోసం తీసుకోవాలి. కాలువలను కమ్మేసే గుర్రపుడెక్క ఉచితంగా దొరుకుతుందని అందరూ చూపిస్తారు గాని అందులో నూటికి తొంభై వంతులకు పైగా నీరే కాబట్టి, గట్టుమీద ఎండబెట్టకుండా లారీకెత్తితే మనం మోసేది కాలువ నీటినే. చక్కెర మిల్లుల్లో రసం వడపోసినప్పుడు మిగిలే మడ్డి, గానుగాడిన చెరకు బరువులో 3, 4 శాతం దాకా వస్తుంది. అది మెత్తగా, భాస్వరంతో నిండి, వెంటనే వేడెక్కే మంచి సరుకు. అయితే మిల్లు ఆడే నెలల్లోనే దొరుకుతుంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల అడుగు మట్టిని ఎరువుగా తీసుకోమని అడిగేవారు ఉన్నారు. ఉప్పునీటి సాగు చేసిన చెరువుదైతే నేను ససేమిరా ఒప్పుకోను. కంపోస్ట్ అయ్యే క్రమంలో కర్బనం తగ్గుతుంది గాని ఉప్పు తగ్గదు, పైగా కుప్ప బరువు తగ్గేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది.

కొబ్బరి పొట్టు గురించి విడిగా చెప్పాలి. కోనసీమలో డొక్కలనుంచి పీచు తీశాక మిగిలే ఈ పొట్టు ఒకప్పుడు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండేది. అందులో కర్బన నత్రజనుల నిష్పత్తి 100 దాటుతుంది. దాదాపు మూడోవంతు లిగ్నిన్ అనే గట్టి పదార్థం కనుక మామూలు బాక్టీరియా దాని జోలికి పోలేవు. ముత్యపు చిప్ప పుట్టగొడుగు జాతి శిలీంధ్రం లిగ్నిన్‌ను విడగొట్టగలదు. ఆ గుణాన్ని ఆధారం చేసుకుని, కొబ్బరి పీచు పరిశ్రమను చూసే కేంద్ర సంస్థ కాయిర్ బోర్డు ఒక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, ఆ శిలీంధ్రపు విత్తనం పొరలు పొరలుగా వేసి నీడలో తడిగా ఉంచితే నెల రోజుల్లో నిష్పత్తి 24 దాకా దిగుతుంది. పెద్ద యార్డుల్లో దీనిని వేరే నీడలో, వేరే పనిగా చేస్తే బాగుంటుంది. కోళ్ల పెంట కుప్పల వేడిలో ఈ శిలీంధ్రం బతకదు. పచ్చి పొట్టుకు కూడా యార్డులో మరొక ఉపయోగం ఉంది. తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో జావగా వచ్చే పెంటను గట్టిపరచడానికి అంతకన్నా మంచిది నాకు కనిపించలేదు.

పట్టణాల తడి చెత్త మాత్రం అన్నిటికన్నా కష్టమైనది. చెత్తగా వచ్చినందువల్ల కాదు, కలిసి వచ్చినందువల్ల. 1970లలో మన దేశంలోని పెద్ద నగరాల్లో యాంత్రిక కంపోస్ట్ ప్లాంట్లు పెట్టారు. కలగలుపు చెత్తను అలాగే యంత్రాల్లో పోసి చివర జల్లెడ పట్టవచ్చునన్నది వాటి నమ్మకం. గాజు పెంకులు, ప్లాస్టిక్ పీలికలు నిండిన ఎరువును రైతులు కొనలేదు, వాటిలో ఎక్కువ భాగం మూతపడ్డాయి. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఇంటి దగ్గరే తడి, పొడి, హానికర చెత్తలను వేరు చేయాలన్నది ఆ అనుభవం తరువాతే. బ్యాటరీ ఒకసారి పగిలి కుప్పలో కలిశాక అందులోని కాడ్మియం, సీసం ఏ జల్లెడకూ చిక్కవు. నగర కంపోస్ట్‌కు 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద పెట్టిన ప్రమాణాలు కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5, పాదరసం 0.15 మించరాదని చెబుతాయి. అదే ఉత్తర్వు సేంద్రియ కర్బనం 12 శాతానికి తగ్గకూడదనీ, కర్బన నత్రజనుల నిష్పత్తి 20 లోపు ఉండాలనీ, లవణాలను సూచించే విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటకూడదనీ అంటుంది. ఈ అంకెల్లో సగం గేటు దగ్గరే తేలిపోతాయి. తూకం వేసే మనిషికి లారీని తిప్పి పంపే అధికారం లేని యార్డులో ప్రయోగశాల ఉండి ప్రయోజనం లేదు.

కలిపిన సరుకును పొడవాటి వరసలుగా పోస్తాము. అడుగున మూడు మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు, పొడవు స్థలాన్ని బట్టి. తిరగేసే యంత్రం వరసకు రెండు పక్కలా చక్రాలు వేసుకుని, మధ్యలో పళ్లున్న డ్రమ్మును తిప్పుతూ పోతుంది. దాని వెనుక వరస మళ్లీ అదే ఆకారంలో, గుల్లగా పడుతుంది. చిన్న యార్డుల్లో లోడరుతోనే తిరగేస్తారు, కాకపోతే అది ఎత్తి పోస్తుందే గాని సరిగా కలపదు. రోజూ ఉదయం పొడవాటి కాడ ఉన్న థర్మామీటరును వరసలో అక్కడక్కడ దించి వేడి రాసుకుంటాము. ఈ రాత పుస్తకం ఎందుకంటే, లోపల 60 డిగ్రీలున్నా పైపొర బయటి గాలంత చల్లగానే ఉంటుంది, క్రిములు అక్కడ హాయిగా బతుకుతాయి. అందుకే అమెరికా పర్యావరణ సంస్థ 1993లో మురుగు బురద వాడకంపై తెచ్చిన నిబంధనల్లో, ఇలాంటి వరసలను 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు ఉంచి, ఆ గడువులో కనీసం అయిదుసార్లు తిరగేయాలని పెట్టారు. అయిదుసార్లు అటూ ఇటూ అయితే ప్రతి ముద్దా ఎప్పుడో ఒకప్పుడు వేడి గర్భంలోకి పోయి ఉంటుందని లెక్క. మన దగ్గరి మంచి యార్డులూ కొలమానంగా దీనినే పట్టుకుంటాయి.

తిరగేయకుండా అడుగున గొట్టాలు పరచి బ్లోయరుతో గాలి పంపే పద్ధతి ఒకటి ఉంది. 1970లలో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో మురుగు బురద కోసం రూపొందింది. స్థలం తక్కువ పడుతుంది, వాసన అదుపులో ఉంటుంది, పైన పరిపక్వ కంపోస్ట్ పొర కప్పితే మూడు రోజుల వేడి చాలు. కరెంటు పోతే మాత్రం కుప్ప ఊపిరి ఆగిపోతుంది. మూసిన సొరంగాల్లో చేసే పద్ధతి ఇంకా ఖరీదైనది. మన సరుకు ధరకు అది గిట్టుబాటు కాదని నా అభిప్రాయం.

ఇక నీరు. డెల్టాలో కంపోస్ట్ యార్డు నిలిచేదీ పోయేదీ దీని దగ్గరే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటినుంచి ఈ నేలంతా కాలువలూ పిల్ల కాలువలూ మురుగు డ్రైన్లతో అల్లుకుపోయింది. భూగర్భ జలం చాలా చోట్ల కొన్ని అడుగుల లోతులోనే ఉంటుంది; ఎన్నో ఊళ్లు మంచినీటి చెరువులను ఆ కాలువలతోనే నింపుకుంటాయి. కుప్పలోంచి కారే నల్లని ఊట ఆ నీటిలో కలిస్తే, అందులోని సేంద్రియ పదార్థం నీటిలోని ప్రాణవాయువును పీల్చేసి చేపలను చంపుతుంది, నైట్రేటు నేలలోకి దిగుతుంది. అందుకే నేల కాంక్రీటుదై, మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలుతో, ఊటనంతా ఒక తొట్టిలోకి చేర్చేలా ఉండాలి. వరసలను వాలుకు అడ్డంగా పోయకూడదు, వాలు వెంట పోయాలి. అడ్డంగా పోస్తే ప్రతి వరస వెనుకా మడుగు కడుతుంది. తొట్టిలోని ఊటను వేసవిలో కొత్త కుప్పలను తడపడానికి వాడుకోవచ్చు, ఎందుకంటే అవి ఇంకా వేడి దశ దాటవలసి ఉంది. వేడి దశ దాటిన కుప్పమీద దానిని పోస్తే చచ్చిన క్రిములను మళ్లీ తెచ్చి పెట్టినట్టవుతుంది.

అక్టోబరు, నవంబరు తుపాన్ల సంగతి అంకెల్లో చూడాలి. ఒక ఎకరం కాంక్రీటు నేలమీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్లకు పైగా నీరు. తుపాను తీరం దాటే రోజున అంత వాన ఒక్క పగట్లో పడడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. అంత నీటికి తొట్టి కట్టడం కంటే, వేడి దశలో ఉన్న వరసలకూ మాగబెట్టే కుప్పలకూ కప్పు వేయడమే చౌక, కప్పుమీది శుభ్రమైన నీటిని వేరే తూముగుండా డ్రైనులోకి వదలవచ్చు. కప్పు లేని యార్డు పెట్టుబడిదారుకు మొదట లాభంగా కనిపిస్తుంది. మూడు రోజుల ముసురు పట్టాక నీళ్లు నిండిన వరసలోంచి గాలి మాయమై, వేడి దిగజారి, కుళ్లిన గుడ్ల వాసన ఊరిమీద పడినప్పుడు ఆ లాభం ఎవరి ఖర్చుతో వచ్చిందో తెలుస్తుంది. యార్డుకు పొరుగున ఉన్నవారు వాసన గురించి ఫిర్యాదు చేస్తే దానిని గొడవగా చూడడం సరికాదు. ఘాటైన అమ్మోనియా వాసనైతే గడ్డి తక్కువైందని, కుళ్లిన వాసనైతే గాలి అందడం లేదని, పుల్లని వాసనైతే పచ్చి చెత్త ముద్దగట్టిందని అర్థం. మా థర్మామీటరు కన్నా ముందు వాళ్ల ముక్కు చెబుతుంది. మేలో మాత్రం సమస్య తలకిందులవుతుంది. తిరగేసిన ప్రతిసారీ ఆవిరి పోయి, బయటి ఎండకు కుప్ప ఎండి, తేమ 40 శాతం కిందికి దిగి, పని ఆగిపోతుంది. వేడి తగ్గింది కదా, ఎరువు తయారైందని అప్పుడు పొరబడేవారు ఉన్నారు. నీళ్లు చల్లి తిరగేస్తే రెండో రోజుకే మళ్లీ పొగలు వస్తాయి.

వేడి తగ్గిన తరువాత నాలుగు నుంచి ఎనిమిది వారాలు మాగబెట్టడం అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యే దశ. 40 డిగ్రీలకు దిగువకు వచ్చాకే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా పనిలోకి దిగుతుంది. శిలీంధ్రాలు గట్టి పీచును నెమ్మదిగా విడగొడతాయి. మొక్క వేళ్లకు హాని చేసే ఆమ్లాలు కరిగిపోతాయి. బయటికి అప్పటికే నల్లగా, మట్టి రంగులో ఉంటుంది కాబట్టి ఇంకా ఎందుకు ఆగాలని అమ్మేవారికీ, ఎందుకు ఆగారని కొనేవారికీ అనిపిస్తుంది. పచ్చి కంపోస్ట్‌ను పొలంలో చల్లితే అది నేలలోని నత్రజనిని కొన్నాళ్లపాటు లాక్కుంటుంది, పైరు పసుపుబారుతుంది, తరువాత కోలుకుంటుంది. అదే కడియపులంకలో నర్సరీ సంచిలో పోస్తే మొక్కకు తప్పించుకునే చోటు ఉండదు. లేత వేళ్లు నల్లబడి, మొక్క సంచిలోనే చనిపోతుంది. నర్సరీవారు అందుకే ఎరువును కళ్లతో చూసి కొనరు. తడిపి గట్టిగా మూతిగట్టిన పాలిథిన్ సంచిలో వారం ఉంచి విప్పి వాసన చూడడం, సగం ఇసుకలో కలిపి పెసలు నాటి ఎన్ని మొలిచాయో ఉత్త ఇసుకలోని మొలకలతో పోల్చడం, తడిపి థర్మాస్ ఫ్లాస్కులో పోసి కొన్ని రోజులు వేడి ఎంత పెరిగిందో చూడడం వంటి పరీక్షలు ఎవరింట్లోనైనా చేసుకోదగ్గవే. వీటిని కొనుగోలుదారులందరూ అడగడం మొదలుపెడితే మాగబెట్టని సరుకు మార్కెట్టులో నిలవదు.

మాగిన తరువాత తిరిగే జల్లెడ పట్టి, మిగిలిన పుల్లలనూ పీచునూ కొత్త కుప్పల్లో కలుపుతాము. అవి గాలికి దారినిస్తాయి, మంచి సూక్ష్మజీవులను వెంట తీసుకువెళతాయి.

లెక్క చివర మిగిలేది చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. 60 శాతం తేమతో వచ్చిన 100 టన్నుల సరుకులో ఎండు పదార్థం 40 టన్నులే. అందులో సగానికి దగ్గరగా బొగ్గుపులుసు వాయువై పోతుంది. మిగిలినది 25 శాతం తేమతో తూచితే 30 టన్నులకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అంటే మూడు లారీలు లోపలికి వస్తే బయటికి పోయేది ఒక లారీ. యార్డు బతకాలంటే ఎరువు ధరతో పాటు చెత్త తీసుకున్నందుకు కూడా ఎవరో ఒకరు చెల్లించాలి. ఈ సంగతి మాట్లాడకుండా వేసే ప్రాజెక్టు నివేదికలను నేను నమ్మను. నగర కంపోస్ట్ అమ్మకానికి టన్నుకు 1,500 రూపాయల సాయం ఇస్తామని కేంద్రం 2016లో విధానం ప్రకటించడానికి కారణం ఈ లోటే.

ఒక వరి రైతు నన్ను, "ఒక టన్ను వేస్తే ఎన్ని యూరియా కట్టలు మానుకోవచ్చండీ?" అని అడిగారు. నిజం చెప్పాలి కదా. నత్రజని 1 శాతం ఉన్న మంచి కంపోస్ట్ టన్నులో పది కిలోల నత్రజని. 45 కిలోల యూరియా కట్టలో ఇరవై కిలోలకు పైగా ఉంటుంది. టన్ను ఎరువు అరకట్ట యూరియాకు సాటి, అందులోనూ మొదటి పంటకు నాలుగో వంతుకు మించి అందదు. యూరియా లెక్కలో కంపోస్ట్ ఎప్పుడూ ఓడిపోతుంది, పైగా లారీ కిరాయి దూరాన్ని బట్టి పెరుగుతుంది. కొనవలసింది వేరే కారణాలకు. లంకల ఇసుక నేలల్లో కూరగాయలు, కోనసీమ తీరపు ఇసుకల్లో కొబ్బరి వేసేవారికి అది తేమను పట్టి ఉంచుతుంది, సూక్ష్మ పోషకాలను నిలుపుతుంది. నర్సరీకైతే అదే మట్టి. బరువు నేల వరిచేనులో ప్రయోజనం నెమ్మదిగా కనిపిస్తుంది, అయినా పచ్చిగడ్డిని దమ్ములో తొక్కి నీళ్లు నిలబెట్టినప్పుడు పుట్టే మీథేన్‌తో పోలిస్తే, ఆ గడ్డిని ముందే కంపోస్ట్ చేసి వేసిన చేలో వచ్చేది చాలా తక్కువ. కాబట్టి ఆయనతో, ఉన్న ఎరువును ముందు నారుమడికీ, ఇంటి వెనుక కూరపాదులకూ, చౌడు తేలిన మూల కయ్యకూ వేసుకోమని చెప్పాను. నారుమడి దుక్కికి పది రోజుల ముందు వేయాలి. చౌడు కయ్యకు తోలేముందు మా కాగితంలో వాహకత అంకె చూసుకోవాలి; 4కు దగ్గరగా ఉంటే ఆ లోడు అక్కడికి పనికిరాదు, తిప్పి పంపమని కూడా చెప్పాను.